ద్వీపాంతరం వెళ్ళొచ్చిన దొర

తెర మీదికి ఇంకా రాని ఓ కథ

అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట నిలబడి, ఎడం చేతిని తూర్పుకీ కుడి చేతిని దక్షిణానికీ చాపండి. రెండు చేతుల మధ్యా, ఎడం చేతికి కాస్త దగ్గరగా, సుమారు పదమూడు వందల కిలోమీటర్ల దూరంలో, నీళ్ళ మధ్య కొన్ని దీవులున్నాయి. వాటి మీదా కొబ్బరిచెట్లే. గాలికి ఊగే ఆ మట్టలు, ఆ ఇసుక, ఆ అలలు చూస్తే, "ఇది మన రాజోలు తాలూకాయేనండీ, ఆయ్!" అని ఏ కోనసీమవాడైనా పొరపడతాడు.

ఆ దీవుల పేరే అండమాన్!

ఇవాళ విశాఖపట్నంలో ఓడెక్కి సరదాగా వెళ్ళొస్తున్నాం. కొత్తగా పెళ్ళయిన జంటలు ఫోటోలు దిగి వస్తున్నారు. కానీ మన తాతల కాలంలో ఆ పేరు వింటే ఇంటిల్లిపాదీ గుండెలు బాదుకునేవాళ్ళు. "ద్వీపాంతరం పంపేశారట" అన్నారంటే ఇక ఆ మనిషి లేనట్టే లెక్క. ఉరి తీస్తే శవమైనా దక్కుతుంది, పిండమైనా పెట్టుకోవచ్చు. ద్వీపాంతరం వెళ్ళినవాడికి పిండం పెట్టాలా, పసుపు కుంకుమలతో ఎదురుచూడాలా? ఆ సంగతి ఏ శాస్త్రమూ చెప్పలేదు.

అలాంటి చోటికి వెళ్ళి, పుష్కర కాలానికి పైగా ఉండి, తిరిగొచ్చి, ఢిల్లీ పార్లమెంటులో కూర్చున్న తెలుగువాడొకడున్నాడు. సినిమాకి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి? అయినా ఆ కథని మనవాళ్ళు ఇంతవరకూ పూర్తిగా తెరకెక్కించలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

తెర మీద నల్లనీళ్ళు

"కాలాపానీ" అనే మాట మీద మన చిత్రసీమకి మోజు లేదని అనలేం. 1958లో దేవానంద్ ఆ పేరుతోనే ఓ హిందీ బొమ్మ తీశాడు. రాజ్ ఖోస్లా దర్శకుడు. పక్కన మధుబాల, నళినీ జయవంత్, బర్మన్ దాదా సంగీతం. తీరా చూస్తే కథంతా మన హైదరాబాదులోనే! చెయ్యని హత్యకి జైల్లో మగ్గుతున్న తండ్రి కోసం కొడుకు పడే తాపత్రయం అది. సముద్రమూ లేదు, దీవీ లేదు. పేరొక్కటే కాలాపానీ. అయినా జనం అర్థం చేసుకున్నారు. నల్లనీళ్ళంటే తిరిగిరాని చోటని ప్రేక్షకుడికి ఒకరు విడమర్చి చెప్పక్కర్లేదు కదా!

1973 డిసెంబరులో హాలీవుడ్ నుంచి "పాపియాన్" వచ్చింది. స్టీవ్ మెక్వీన్, డస్టిన్ హాఫ్‌మన్ పోటీపడి నటించారు. హెన్రీ షారియేర్ అనే ఫ్రెంచి కుర్రాడికి పాతికేళ్ళు నిండీ నిండకుండానే, 1931లో, యావజ్జీవ శిక్ష పడింది. దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానాకి పంపేశారు. అక్కణ్ణుంచి పారిపోవడానికి అతను చేసిన సాహసాలే ఆ కథ. ముసలితనంలో పుస్తకం రాసుకున్నాడు, కోట్ల మంది చదివారు. పాపం, సినిమా విడుదలకి కొద్ది నెలల ముందే కన్నుమూశాడు. తన కథ హాళ్ళలో ఆడుతుంటే చూసుకునే యోగం అతనికి లేకపోయింది. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ దీని అవసరం పడుతుంది.

ఇక 1996లో ప్రియదర్శన్ తీసిన "కాలాపాని". మోహన్‌లాల్, టబు, ప్రభు, అమ్రిష్ పురి నటించారు. ఇళయరాజా సంగీతం, సంతోష్ శివన్ ఛాయాగ్రహణం, సాబు సిరిల్ కళ. మలయాళంలో తీసినా తెలుగులోకీ వచ్చింది. అండమాన్ జైలుని ఆ బొమ్మ చూపించినట్టు మరే బొమ్మా చూపించలేదు. ఆ కొరడాలూ, ఆ గానుగా చూసి బయటికొచ్చిన ప్రేక్షకుడికి హాలు బయట టీ గొంతు దిగలేదంటే అతిశయోక్తి కాదు. అయితే అందులో హీరో మలయాళీ డాక్టరు, కల్పిత పాత్ర. మరి అచ్చంగా బతికిన మన తెలుగు ఖైదీ మాటేమిటి?

అతను తెర మీద లేకపోలేదు. 1974 మే 1న విడుదలైన "అల్లూరి సీతారామరాజు"లో ఉన్నాడు. కృష్ణకి అది నూరో చిత్రం, తెలుగులో తొలి సినిమాస్కోపు. మహారథి మాటలు, ఆదినారాయణరావు సంగీతం. శ్రీశ్రీ రాసిన పాటకి జాతీయ బహుమతి వచ్చింది. చింతపల్లి అడవుల్లో తీస్తుండగా దర్శకుడు వి. రామచంద్రరావు చనిపోతే, మిగతాది కృష్ణ, కె.ఎస్.ఆర్. దాస్ పూర్తి చేశారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట హాళ్ళల్లో ఆ బొమ్మ ఆడినప్పుడు నేల టిక్కెట్టు నుంచి బాల్కనీ దాకా ఈలలే ఈలలు. రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య దర్జా చూసి దుష్టుడికీ చప్పట్లు కొట్టారు.

ఆ బొమ్మలో రాజు వెనకాల విల్లూ తుపాకీ పట్టుకుని తిరిగే దొరల్లో ఒకడు గాం మల్లుదొర. రాజు నేలకొరగగానే బొమ్మ అయిపోతుంది. జనం కళ్ళు తుడుచుకుని లేచిపోతారు. మల్లుదొర కథ మాత్రం ఇంకా సగమే అయింది!

ఇద్దరన్నదమ్ములు

గంటందొర అన్న, మల్లుదొర తమ్ముడు. ఇంటిపేరు గాం. విశాఖ మన్యంలో బట్టిపనుకుల అనే పల్లెకి గంటందొర మునసబు. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ కొండల్లో రోడ్డు పని పెట్టించాడు. మన్యం జనాన్ని గొడ్లలా తోలుకొచ్చి పని చేయించడం, కూలి దగ్గర చెయ్యి బిగించడం. అడగబోయిన గంటందొరకి ఉద్యోగం ఊడింది. అసలే అడవి చట్టాలు వచ్చి పోడు వ్యవసాయానికి అడ్డుపడ్డాయి. కట్టె కొట్టినా నేరం, మేకని తోలినా జరిమానా. కడుపు కాలిన మనిషికి దారి చూపించేవాడు కావాలి. ఆ దారి చూపించడానికి శ్రీరామరాజు వచ్చాడు.

రాజు మనకి మరీ దూరం వాడేం కాదండోయ్. సఖినేటిపల్లి రేవు దాటి అవతలి గట్టెక్కితే నర్సాపురం. అక్కడి టేలర్ హైస్కూల్లో చదువుకున్న కుర్రాడే. బళ్ళో కూర్చోలేక, ఊళ్ళు తిరిగి, కొండలెక్కి, చివరికి మన్యానికి దేవుడయ్యాడు.

1922 ఆగస్టు 22. చింతపల్లి పోలీసు ఠాణా. పట్టపగలు దాడి చేసి తుపాకులు పట్టుకుపోయారు. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు ఠాణాలు! ఆ దాడుల్లో గాం అన్నదమ్ములు రాజుకి కుడి ఎడమ భుజాలు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో పొంచి ఉండి కొట్టిన దెబ్బకి స్కాట్ కవార్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు నేలకూలారు. అప్పటికి గాని మద్రాసు దొరలకి నిద్ర తేలిపోలేదు. రాజు తలకి పదివేలు, గాం అన్నదమ్ముల తలలకి వెయ్యేసి రూపాయలు వెల కట్టారు. 1922లో వెయ్యి రూపాయలంటే మాటలా? కొండపల్లెలో ఆ డబ్బుని ఒక్కచోట చూసినవాడే ఉండడు.

ఏడాది గడిచింది. మలబారు పోలీసులొచ్చారు. పల్లెలకి గింజలు అందకుండా కట్టుదిట్టం చేశారు. రాజుకి అన్నం పెట్టిన ఇల్లల్లా దెబ్బలు తింది. 1923 సెప్టెంబరులో ఒక రాత్రి నడింపాలెం అనే ఊళ్ళో ఓ ఇంటిని పోలీసులు చుట్టుముట్టారు. మల్లుదొర దొరికిపోయాడు.

ఇక్కడ కాస్త ఆగండి. మన సినిమాల్లో హీరో పక్కనుండేవాడికి రెండే దారులు. హీరో కోసం గుండు దెబ్బ తిని ఒళ్ళో తల పెట్టుకుని చావాలి, లేదా ద్రోహి అయిపోవాలి. మల్లుదొర ఈ రెండూ కాలేదు. చావలేదు, పట్టుబడ్డాడు. పట్టుబడ్డవాడికి పాట ఉండదు. అతను జైల్లో ఉండగానే 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుని కాల్చేశారు. మరుసటి నెలలోనే అన్న గంటందొర పోరాడుతూ పోయాడు. నాయకుడూ లేడు, తోడబుట్టినవాడూ లేడు. బయట ఎవరి కోసం ఎదురుచూడాలో తెలియని స్థితిలో కోర్టు బోనెక్కాడు తమ్ముడు.

చక్రవర్తి మీద యుద్ధం చేశాడన్నది నేరం. ఆ సెక్షనుకి ఉన్నవి రెండే పెద్ద శిక్షలు. ఉరి, లేదంటే యావజ్జీవ ద్వీపాంతరవాసం. మొదట ఉరి వేశారు. అప్పీలులో అది ద్వీపాంతరంగా మారింది. ప్రాణం దక్కింది. కానీ ఏ ప్రాణం? కొండల్లో పుట్టి, సెలయేళ్ళు తప్ప పెద్ద నీళ్ళు ఎరగని మనిషిని తీసుకెళ్ళి సముద్రం మధ్య పడేశారు.

నుదుటి రాత అంటే ఇదీ!

ఈ ద్వీపాంతరం శిక్ష అండమాన్‌తో మొదలైంది కాదు. అంతకుముందు మద్రాసు రాజధాని ఖైదీలని పినాంగుకీ, సింగపూరుకీ, బర్మా తీరానికీ ఎక్కించేవాళ్ళు. యావజ్జీవ ఖైదీ నుదుటి మీద అతని నేరాన్ని పచ్చబొట్టు పొడిచి మరీ పంపేవాళ్ళు. నుదుటి రాత అని మనం ఊరికే అంటాం, వాళ్ళకది నిజంగానే రాశారు! 1849లో గాని ఆ పద్ధతి పోలేదు.

సింగపూరులో సెయింట్ ఆండ్రూస్ అని తెల్లగా మెరిసే పెద్ద చర్చి ఒకటుంది. మన సినిమావాళ్ళు సింగపూరులో పాట తీస్తే దాని పక్కనుంచే వెళ్తారు. 1856 నుంచి 1861 దాకా దాన్ని కట్టింది ఇండియా ఖైదీలు. ఆ గోడల నునుపుకి కారణం మద్రాసు సున్నం. గవ్వల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, ముతక చక్కెర వేసి రుబ్బి, కొబ్బరి డొక్కలు నానబెట్టిన నీళ్ళతో కలిపేవాళ్ళు. ఆరాక రాయితో రుద్దితే అద్దంలా మెరిసేది. ఆ పనివాళ్ళలో ఒక్కడి పేరూ ఆ గోడ మీద లేదు.

1857 తిరుగుబాటు తర్వాత తెల్లవాళ్ళకి ఖైదీలని ఉంచడానికి ఇంకా పెద్ద చోటు కావల్సివచ్చింది. 1858 మార్చి 10న రెండు వందల మంది ఖైదీలతో మొదటి ఓడ అండమాన్ చేరింది. ఆ తర్వాత ఎనభై ఏళ్ళ పాటు ఓడలు వెళ్తూనే ఉన్నాయి. 1879 రంప పితూరీలో పట్టుబడ్డ మన్యం వాళ్ళనీ అక్కడికే పంపారు. అంటే మల్లుదొర కంటే నలభై ఏళ్ళ ముందే మన్యం మనుషులు ఆ ఇసుకలో కలిసిపోయారన్నమాట.

కొబ్బరికాయే కొరడా

1896లో మొదలెట్టి 1906కి సెల్యులార్ జైలు పూర్తి చేశారు. ఇటుకలు బర్మావి, కూలీలు ఖైదీలే. తమ పంజరం తామే కట్టుకున్నారు. మధ్యలో ఓ గడియారపు స్తంభం లాంటి బురుజు. దాన్నుంచి సైకిలు చక్రం ఆకుల్లా ఏడు వరసలు, మూడేసి అంతస్తులు. దాదాపు ఏడు వందల గదులు. గదికి ఒక్కడే మనిషి. పదమూడు పధ్నాలుగు అడుగుల పొడవు, ఏడెనిమిది అడుగుల వెడల్పు, నెత్తికి అందనంత ఎత్తున చిన్న కిటికీ. ఒక వరస ముఖం ఇంకో వరస వీపుని చూస్తుంది. అంటే ఏ ఖైదీకీ ఎదుటి ఖైదీ ముఖం కనపడదు. మాటకి మాట లేక మనిషి పిచ్చెక్కిపోవాలన్నదే ఆ మేస్త్రీతనంలోని రహస్యం.

మరి పని? ఇక్కడే కోనసీమ పాఠకుడు చెవి నిక్కబొడుచుకోవాలి.

మన అంబాజీపేట కొబ్బరి కొట్టుకి వెళ్ళండి. దింపు వాళ్ళు కాయ దింపుతారు, ఒలుపు వాళ్ళు ఒలుస్తారు. కురిడీ ఓ పక్క, డొక్కల రాశి ఓ పక్క. డొక్క నుంచి పీచు, పీచు నుంచి తాడు. గానుగాడిస్తే నూనె. కాయలో పారేసేది ఏమీ లేదు, ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతుంది. పెళ్ళికీ అదే, పేరంటానికీ అదే. కొబ్బరిచెట్టుని పెద్దకొడుకుతో పోలుస్తారు మనవాళ్ళు.

అదే కొబ్బరికాయని సెల్యులార్ జైలు కొరడాగా మార్చేసింది. మొదటి సంవత్సరాల్లో అక్కడి నియమం వినండి. పీచు పని పడ్డవాడు రోజుకి ఇరవై కాయల డొక్కల్ని కొయ్య సుత్తితో చితక్కొట్టి, నీళ్ళలో తడిపి, మళ్ళీ కొట్టి, పొట్టు రాల్చి, శుభ్రమైన పీచు తూకం వెయ్యాలి. మన పల్లెల్లో డొక్క కొట్టేవాళ్ళు ముందు దాన్ని కాలవ నీళ్ళలో నెలల తరబడి నానేస్తారు. నానిన డొక్క మెత్తబడి మాట వింటుంది. జైల్లో అంత ఓపిక ఎవరికుంది? గట్టి డొక్క, మెత్తటి చేతులు. మొదటి రోజుకే అరచేతులు బొబ్బలెక్కి రక్తం కారేది.

గానుగ సంగతి ఇంకా ఘోరం. మన ఊళ్ళో గానుగకి ఎద్దుని కడతారు. అక్కడ మనిషిని కట్టారు! రోజుకి ముప్ఫై పౌన్ల కొబ్బరినూనె తియ్యాలి. అంటే పదమూడున్నర కిలోల పైమాట. ఎండుకొబ్బరిలో మూడింట రెండు వంతులు నూనే అనుకున్నా ఇరవై కిలోలకి మించి కొబ్బరి ఆడాలి. మన లెక్కలో నూటయాభై కాయల దాకా తేలుతుంది. ఒక్క మనిషి, ఒక్క రోజు! తూకం తగ్గితే సంకెళ్ళు, గోనె బట్టలు, నిలబెట్టి చేతులకి బేడీలు. ఎద్దు అలిసిపోతే యజమాని జాలిపడి మేత వేస్తాడు. ఎందుకంటే ఎద్దుకి డబ్బు పోసి కొన్నాడు. ఖైదీ ఊరికే వచ్చినవాడు మరి!

1920లో జైళ్ళ సంఘం ఒకటి కూర్చుని, ఈ ద్వీపాంతరం పద్ధతి మానేయడం మంచిదని చెప్పింది. సర్కారు తలూపింది. ఇంతలో 1921లో మలబారులో మాప్పిళ్ళ తిరుగుబాటు, ఆ వెనకే మన మన్యం. మద్రాసు జైళ్ళు నిండిపోయాయి. తలూపిన సర్కారే మళ్ళీ ఓడలు కట్టింది. మల్లుదొర వెళ్ళింది ఆ ఓడల కాలంలో.

మాప్పిళ్ళ ఖైదీల్లో చాలామంది భార్యాబిడ్డల్ని రప్పించుకుని అక్కడే అడవి కొట్టి ఊళ్ళు కట్టుకున్నారు. ఈ రోజుకీ దక్షిణ అండమాన్‌లో కాలికట్, మంజేరి, తిరూర్, వండూర్ అని ఊళ్ళున్నాయి. పోగొట్టుకున్న ఊరి పేరుని కొత్త మట్టికి పెట్టుకుని బతికారు.

తిరిగిరానివాళ్ళు

రాజు దళంలోని అగ్గిరాజు గుర్తున్నాడా? సినిమాలో బాలయ్య వేసిన పాత్ర. పేరుకి తగ్గట్టు నిప్పులాంటి మనిషి. భీమవరం ప్రాంతం వాడు. మనకి వశిష్ఠ అడ్డం, అంతే. అతన్నీ అండమాన్‌కే పంపారు. అతను తిరిగి రాలేదు. అక్కడే పోయాడు.

ఆ తర్వాత తూర్పు గోదావరి నుంచే ఇంకో యువకుడు వెళ్ళాడు. ప్రతివాది భయంకరాచారి. పేరు వింటేనే సినిమా పేరులా లేదూ? ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జనాన్ని చావబాదిన పోలీసు అధికారుల మీద పగ తీర్చుకోవాలని కొందరు కుర్రాళ్ళు కూడబలుక్కుని బాంబులు చేశారు. 1933 ఏప్రిల్‌లో కాకినాడ రేవులో ఓ బాంబు అనుకోకుండా పేలింది. గుట్టు బయటపడింది. అదే కాకినాడ బాంబు కేసు. ముఖ్య ముద్దాయి భయంకరాచారి. అతనికీ సెల్యులార్ జైలే రాసిపెట్టి ఉంది.

ఆ 1933లోనే ఆ జైల్లో ఖైదీలు నిరాహారదీక్ష పట్టారు. గొంతులో గొట్టం దింపి బలవంతంగా పాలు పోయబోతే మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర అనే ముగ్గురు చనిపోయారు. 1937 జూలైలో మళ్ళీ దీక్ష. ఈసారి దేశమంతా కదిలింది. గాంధీగారూ, రవీంద్రనాథ్ ఠాగూరూ కల్పించుకున్నారు. 1938 జనవరి నాటికి రాజకీయ ఖైదీలందర్నీ ఒడ్డుకి చేర్చారు. మూత పడదనుకున్న నోరు మూతపడింది.

మల్లుదొర కూడా ఆ ముప్ఫైల చివర్లోనే విడుదలై వచ్చాడు. వెళ్ళేటప్పుడు యువకుడు. గోదావరికి పుష్కరం వచ్చి వెళ్ళినంత కాలం గడిచిపోయింది. తిరిగొచ్చేసరికి రాజు కథ అయిపోయాడు, అన్న కథ అయిపోయాడు. పెద్దవాళ్ళు చెప్పే ఆ కథలోని మనిషి బతికుండి నడిచొస్తుంటే పల్లె జనానికి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి!

అసలు క్లైమాక్సు

1952. స్వతంత్ర భారతంలో తొలి సాధారణ ఎన్నికలు. అప్పట్లో కొన్ని నియోజకవర్గాలకి ఇద్దరేసి సభ్యులుండేవాళ్ళు. ఒక స్థానం అందరిదీ, రెండోది షెడ్యూల్డు కులాలదో తెగలదో. 1961లో ఆ పద్ధతి తీసేశారు. విశాఖపట్నం అలాంటి జంట స్థానం. అక్కణ్ణుంచి లంకా సుందరంగారూ, గాం మల్లుదొరా గెలిచారు. ఇద్దరూ ఏ పార్టీకీ చెందని స్వతంత్రులే!

ఆలోచించండి. చక్రవర్తి మీద యుద్ధం చేశాడని ఉరి వేయబోయిన మనిషి. తలకి వెయ్యి రూపాయలు వెల పలికిన మనిషి. అదే చక్రవర్తి పేరు మీద దొరలు శాసనాలు చేసిన ఆ గుండ్రటి భవనంలోకి, ప్రజలు ఓట్లేసి పంపితే, దర్జాగా నడిచి వెళ్ళాడు. ఏ రచయిత రాసినా "మరీ సినిమాటిక్‌గా ఉందండీ" అని నిర్మాత కొట్టి పారేసే సన్నివేశం ఇది. కానీ జరిగింది!

ఇంకా ఉంది. ఆ మొదటి లోక్‌సభ కాలంలోనే, 1955లో, పార్లమెంటు ఓ చట్టం చేసింది. దాని ప్రకారం శిక్షాస్మృతిలో "యావజ్జీవ ద్వీపాంతరం" అన్న మాట ఎక్కడెక్కడుందో అక్కడల్లా కొట్టేసి "యావజ్జీవ ఖైదు" అని రాశారు. 1956 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. నూరేళ్ళ పాటు ఇళ్ళల్లో దీపాలార్పిన ఆ మాటకి ఆ రోజుతో చెల్లుచీటీ. ఏ శిక్షని తన ఒంటి మీద మోసి వచ్చాడో, ఆ శిక్షనే చట్టం లోంచి చెరిపేసిన సభలో ద్వీపాంతరం వెళ్ళొచ్చిన మల్లుదొర సభ్యుడు. ఇంతకన్నా పెద్ద న్యాయం ఏ సినిమా కోర్టు సీనులో చూశాం?

1969లో మల్లుదొర కన్నుమూశాడు. అయిదేళ్ళకి "అల్లూరి సీతారామరాజు" విడుదలైంది. మొదట చెప్పిన పాపియాన్ ముచ్చట గుర్తుందా? అచ్చం అలాగే. తను నిజంగా పట్టుకున్న తుపాకీని తెర మీద వేషగాడు పట్టుకుంటే, హాలంతా ఈలలేస్తుంటే, వెనక బెంచీలో కూర్చుని చూసుకునే అదృష్టం ఆ ముసలిదొరకి దక్కలేదు.

బొమ్మ ఎవరు తీస్తారు?

రాజు మీద బొమ్మలకేం కొదవ లేదు. 2022లో "ఆర్ ఆర్ ఆర్" వచ్చి, ఆ పేరుని ప్రపంచమంతా మోయించింది. తప్పు కాదు, రాజుకి ఎన్ని బొమ్మలు తీసినా తక్కువే. కానీ చనిపోయిన వీరుడికి దండ వెయ్యడం తేలిక. పట్టుబడి, బేడీలు వేయించుకుని, పీచు కొట్టి, జుట్టు నెరిసి తిరిగొచ్చినవాడికి ఏ చోట దండ వెయ్యాలో మనకి తెలియదు. బతికొచ్చినవాడిది తక్కువ త్యాగమా? చచ్చిన క్షణం ఒక్కటే. బతికిన రోజులు నాలుగు వేల పైచిలుకు!

నిర్మాతలు భయపడతారేమో. హీరోయిన్ ఎక్కడ, పాటలెక్కడ, హాస్యం ఎక్కడ అంటారు. పాటలకేం? మన్యం థింసా ఉంది. ఓడ మీద పాట ఉంది. సంక్రాంతి రాత్రి జైలు గదిలో ఒంటరి ఖైదీ పాట ఉంది. ఇక లొకేషన్లు. అండమాన్ దాకా వెళ్ళే ఖర్చు లేదనుకుంటే అంతర్వేది, ఓడలరేవు, కొమరగిరిపట్నం ఇసుకతిన్నెలున్నాయి. కెమెరా పెడితే చాలు, అండమానే!

సెల్యులార్ జైలు ఏడు వరసల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. మిగతావి 1941 భూకంపానికీ, జపానువాళ్ళ కాలానికీ, ఆ తర్వాత కూల్చివేతలకీ పోయాయి. కూల్చిన చోట ఆస్పత్రి వెలిసింది. చంపడానికి కట్టిన చోట ప్రాణాలు నిలబెడుతున్నారు. 1979 ఫిబ్రవరి 11న నాటి ప్రధాని మొరార్జీ దేశాయి జైలుని జాతీయ స్మారకంగా అంకితం చేశారు. పోర్ట్ బ్లెయిర్ పేరు కూడా 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. ఆ ఊరి బజార్లో ఇవాళ నిలబడితే తెలుగు మాట గట్టిగానే వినిపిస్తుంది. సంకెళ్ళతో కాదు, చేపల వేటకీ తాపీ పనికీ బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్ళిన మనవాళ్ళది.

ఈసారి మీరు అక్కడికి వెళితే, రాత్రి దీపాల వెలుగులో ప్రదర్శన చూసి వచ్చెయ్యకండి. పగలు ఆ గానుగ దగ్గర ఓ నిమిషం నిలబడండి. కోనసీమవాళ్ళకి ఆ ముడికొబ్బరి నూనె వాసన ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు. మన వంటింట్లో, మన అమ్మ జడలో ఉండే వాసనే అది. దాని కోసం మనిషి ఎద్దయ్యాడన్న సంగతి ఒక్కసారి తలుచుకుంటే, అగ్గిరాజుకీ, మల్లుదొరకీ, పేరే లేకుండా ఆ ఇసుకలో కలిసినవాళ్ళకీ మనం ఇచ్చే నీళ్ళు అవే.

ఇక బొమ్మ సంగతా? ఏ కుర్ర దర్శకుడో ఈ పేజీ చింపి జేబులో పెట్టుకోకపోతాడా!